యాక్సెస్ ఫారమ్‌లో 36 బాక్సులు, ఒకటే ఫంక్షన్: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం జిల్లాలో, ముఖ్యంగా తాడిపత్రి చుట్టుపక్కల, నాపబండల పాలిష్ యూనిట్లు ఎన్ని ఉన్నాయో మనవాళ్లకు చెప్పక్కర్లేదు. వాటిలో కొన్నింటికి మైక్రోసాఫ్ట్ యాక్సెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్)లో లోడు చీటీ ఫారాలు చేసిచ్చాను. అక్కడ పదేపదే ఎదురైన ప్రశ్నలు, నేర్చుకుంటున్న పిల్లలు అడిగినవి కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ఉదాహరణ అంతటా ఒకటే చీటీ. లారీకి ఎక్కించే బండల లెక్క. 12 వరుసలు. ప్రతి వరుసలో పొడవు, వెడల్పు (రెండూ అంగుళాల్లో), బండల లెక్క అని మూడు బాక్సులు. నాలుగో బాక్సులో చదరపు అడుగులు దానంతటదే రావాలి. అంటే చేత్తో కొట్టే బాక్సులే 36. వాటి పేర్లు పొడవు1, వెడల్పు1, లెక్క1 నుంచి పొడవు12, వెడల్పు12, లెక్క12 వరకు. జవాబు బాక్సులు చదరం1 నుంచి చదరం12.

ఒక మాట ముందే. కోడ్‌ను కూడా ఇక్కడ పలికినట్టు తెలుగు అక్షరాల్లోనే రాశాను. ఎడిటర్‌లో మాత్రం అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. బాక్సుల పేర్లు మన మాటలే పెట్టుకోండి, స్పెల్లింగ్ మాత్రం ఇంగ్లిష్‌లో ఉండాలి.

36 బాక్సులకు 36 ప్రొసీజర్లు (కోడ్ ముక్కలు) రాయాలా?

అక్కర్లేదు. రాసినవాళ్లను చూశాను, నేను కూడా మొదటిసారి అలాగే రాశాను. రేటు లెక్కలో చిన్న మార్పు వస్తే 36 చోట్లా దిద్దాలి. 35 చోట్ల దిద్ది ఒకటి మర్చిపోతాం. ఆ ఒక్కటీ నెల తర్వాత గుమాస్తా కంట్లో పడుతుంది.

ప్రాపర్టీ షీట్‌లో ఈవెంట్ ట్యాబ్ తెరిస్తే ప్రతి ఈవెంట్ (బాక్సును నొక్కడం, విలువ మార్చడం లాంటి సంఘటన) ఎదురుగా ఒక గడి ఉంటుంది. అందులో మామూలుగా 'ఈవెంట్ ప్రొసీజర్' అని ఎంచుకుంటాం. అదే గడిలో సమానం గుర్తు పెట్టి ఫంక్షన్ పేరు కూడా రాయొచ్చని చాలామందికి తెలియదు. ఇలా:

=వరుసలెక్క(7)

ఏడో వరుసలోని మూడు బాక్సులనూ షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఎంచుకోండి. ఆఫ్టర్ అప్‌డేట్ (బాక్సులో కొత్త విలువ కొట్టి ముగించాక వచ్చే ఈవెంట్) గడిలో పై లైన్ కొట్టండి. మూడింటికీ ఒకేసారి పడుతుంది. ఫంక్షన్ మాత్రం ఫారమ్ మాడ్యూల్‌లో (ఫారమ్ వెనకుండే కోడ్ పేజీలో) ఒక్కసారే ఉంటుంది:

పబ్లిక్ ఫంక్షన్ వరుసలెక్క(ఐ యాజ్ లాంగ్)
మీ("చదరం" & ఐ) = ఎన్‌జెడ్(మీ("పొడవు" & ఐ), 0) * ఎన్‌జెడ్(మీ("వెడల్పు" & ఐ), 0) * ఎన్‌జెడ్(మీ("లెక్క" & ఐ), 0) / 144
మొత్తంలెక్క
ఎండ్ ఫంక్షన్

ఐ అంటే వరుస నంబర్. ఇక్కడ 'మీ' అంటే మీరూ నేనూ కాదు, ఫారమ్ తనను తాను అనుకునే మాట. క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు నవ్వుతారు. ఎన్‌జెడ్ అనేది ఖాళీ గడిని సున్నాగా చూడమని చెప్పడం. అది లేకపోతే లెక్క గడి ఖాళీగా ఉన్నంతసేపూ జవాబు కూడా ఖాళీయే. చివర ఉన్న మొత్తంలెక్క 12 చదరాలనూ కూడే చిన్న ప్రొసీజర్.

22 అంగుళాల బండలు 60 ఎక్కితే 22 × 22 × 60 = 29,040. దాన్ని 144తో భాగిస్తే 201.67 చదరపు అడుగులు. ఫారమ్ చేసిన రోజు ఇలాంటి వరుస ఒకటి చేత్తో లెక్కకట్టి సరిచూసుకోండి.

12 వరుసలకూ ఆ లైన్ చేత్తో కొట్టాలా?

కొట్టొచ్చు, పది నిమిషాల పని. లేదంటే ఫారమ్ లోడ్ ఈవెంట్‌లో ఒక లూప్ పెట్టండి. ఐ ఒకటి నుంచి 12 వరకు తిరుగుతుంటే మీ("పొడవు" & ఐ).ఆఫ్టర్‌అప్‌డేట్ = "=వరుసలెక్క(" & ఐ & ")" అని, వెడల్పుకూ లెక్కకూ కూడా అలాగే. ఫారమ్ తెరిచిన ప్రతిసారీ తీగలు తగిలించుకుంటుంది.

నాకు లూప్ పద్ధతే ఇష్టం. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. రేపు వేరేవాళ్లు డిజైన్ వ్యూలో ప్రాపర్టీ షీట్ తెరిస్తే గడి ఖాళీగా కనిపిస్తుంది, లెక్క ఎక్కడి నుంచి వస్తోందో అర్థం కాదు. లోడ్ ప్రొసీజర్ పైన రెండు లైన్ల కామెంట్ రాసిపెట్టండి.

ఫంక్షన్ రాశాను, గడిలో పేరూ రాశాను. ఏమీ జరగట్లేదు, లేదా ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

నేను వరుసగా చూసేవి ఇవీ. సమానం గుర్తు ఉందా? లేకపోతే యాక్సెస్ దాన్ని మాక్రో పేరు అనుకుని, ఆ పేరుతో మాక్రో లేదంటుంది. చివర బ్రాకెట్లు ఉన్నాయా? లోపల ఇచ్చేదేమీ లేకపోయినా ఖాళీ బ్రాకెట్లు ఉండాలి. రాసింది ఫంక్షనేనా, సబ్ ప్రొసీజరా? ఈ గడి నుంచి సబ్‌ను పిలవడం కుదరదు, వెనక్కి ఇచ్చే విలువ లేకపోయినా ఫంక్షన్ అనే రాయాలి. ఫంక్షన్‌ను స్టాండర్డ్ మాడ్యూల్‌లో (ఏ ఫారమ్‌కూ చెందని విడి కోడ్ పేజీలో) పెట్టి, మాడ్యూల్‌కు కూడా అదే పేరు పెట్టారా? అలా పెడితే యాక్సెస్ తికమక పడుతుంది. మాడ్యూల్ పేరు మార్చండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే రిబ్బన్ కింద పసుపు పట్టీ ఉందేమో చూడండి. 'ఎనేబుల్ కంటెంట్' నొక్కేదాకా కోడ్ అసలు నడవదు. ఫైల్‌ను ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను ట్రస్ట్ సెంటర్‌లో ట్రస్టెడ్ లొకేషన్‌గా చేర్చితే ఈ గొడవ ఉండదు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైళ్లలో మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి ముందే ఆపేస్తోంది. అలాంటి ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో 'అన్‌బ్లాక్' పెట్టాలి.

వరుస నంబర్ ఇవ్వడం ఎందుకు? స్క్రీన్.యాక్టివ్‌కంట్రోల్ అంటే ఏ బాక్సో అదే చెబుతుంది కదా?

చెబుతుంది. కానీ ఏం చెబుతుందో సరిగ్గా అర్థం చేసుకోవాలి. అది చెప్పేది ఇప్పుడు ఫోకస్ ఎవరి దగ్గర ఉందో, అంటే కీ నొక్కితే ఎవరికి అందుతుందో. ఈవెంట్ ఎవరి వల్ల వచ్చిందో కాదు. చాలాసార్లు ఈ రెండూ ఒకటే కాబట్టి తేడా తెలియదు.

తేడా తెలిసిన రోజు చెబుతాను. ప్రతి వరుస చివర ఒక చిన్న చెత్తబుట్ట బొమ్మ పెట్టాను, నొక్కితే ఆ వరుస ఖాళీ అయ్యేలా. బొమ్మ అంటే ఇమేజ్ కంట్రోల్ (ఫారమ్ మీద పెట్టే బాక్సు, బటన్, లేబుల్, బొమ్మ, ఏదైనా కంట్రోలే). 12 బొమ్మలకూ ఒకే ఫంక్షన్, లోపల యాక్టివ్‌కంట్రోల్ పేరులోంచి వరుస నంబర్ విడదీసే కోడ్. ఇంట్లో పరీక్షించినప్పుడు ఏడో వరుసలో అంకెలు కొట్టి, ఏడో బొమ్మే నొక్కాను. బ్రహ్మాండంగా పనిచేసింది. యూనిట్‌లో గుమాస్తా మూడో వరుసలో అంకె దిద్ది, అక్కడి నుంచే వెళ్లి ఏడో బొమ్మ నొక్కాడు. మూడో వరుస పోయింది. "ఏమప్పా, నేను ఏడోది తీసెయ్యమంటే మూడోది తీసేస్తాంది!" అని ఫోన్. అప్పటికి లారీ కాటా మీద ఉంది.

ఇమేజ్‌కూ లేబుల్‌కూ గీతల పెట్టెకూ ఫోకస్ రాదు. వాటిని నొక్కినా ఫోకస్ ముందున్న బాక్సులోనే ఉంటుంది. మౌస్ మూవ్ ఈవెంట్ సంగతీ అంతే, మౌస్ ఒక చోట, ఫోకస్ ఇంకో చోట. అందుకే నేను ఎప్పుడూ పిలిచేటప్పుడే ఇచ్చేస్తాను: =వరుసతీసెయ్(7). ఎవరు పిలిచారని ఫంక్షన్ అటూఇటూ చూడాల్సిన పని ఉండదు.

సబ్‌ఫారమ్ (ఫారమ్ లోపల పెట్టిన ఇంకో ఫారమ్) ఉంటే ఇంకో మెలిక. ప్రధాన ఫారమ్‌లో మీ.యాక్టివ్‌కంట్రోల్ అని అడిగితే సబ్‌ఫారమ్ ఉన్న చట్రం పేరు చెబుతుంది, స్క్రీన్.యాక్టివ్‌కంట్రోల్ అయితే లోపలి బాక్సు చెబుతుంది.

నంబర్ కాకుండా కంట్రోల్‌నే ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు. =రంగువెయ్([పొడవు7]) అని రాసి, ఫంక్షన్‌లో ఆ వాదాన్ని (బ్రాకెట్లలో పంపేదాన్ని) 'యాజ్ కంట్రోల్' అని ప్రకటిస్తే బాక్సే చేతికి వస్తుంది. =సరిచూడు([ఫారమ్]) అని రాస్తే మొత్తం ఫారమ్ వస్తుంది. ఒకే ఫంక్షన్‌ను స్టాండర్డ్ మాడ్యూల్‌లో పెట్టి నాలుగైదు ఫారాలకు వాడాలనుకుంటే ఇదే దారి, ఎందుకంటే అక్కడ 'మీ' అనే మాట చెల్లదు.

బాక్సులోకి రాగానే ఆ బాక్సు రంగు మారాలి. గాట్ ఫోకస్, లాస్ట్ ఫోకస్ రెండూ రాయాలా?

కోడే వద్దు. బాక్సులన్నీ ఎంచుకుని కండిషనల్ ఫార్మాటింగ్‌లో 'ఫీల్డ్ హ్యాజ్ ఫోకస్' అని పెట్టి రంగు ఇవ్వండి.

ఆఫ్టర్ అప్‌డేట్ పెట్టాలా, చేంజ్ పెట్టాలా?

లెక్కలకు ఆఫ్టర్ అప్‌డేట్. చేంజ్ అనేది ప్రతి అక్షరానికీ వస్తుంది. 22 కొట్టాలంటే మొదట 2 పడగానే ఒకసారి, రెండో 2 పడగానే ఇంకోసారి. పైగా అప్పటికి బాక్సు విలువ ఇంకా పాతదే. కొడుతున్నది కావాలంటే టెక్స్ట్ అనే ప్రాపర్టీ చదవాలి. ఆ టెక్స్ట్‌ను ఫోకస్ ఉన్నప్పుడే చదవనిస్తుంది, లేకపోతే 2185 ఎర్రర్. పార్టీ పేరు కొడుతుంటే కింద జాబితా వడపోసుకుంటూ రావాలంటే మాత్రం చేంజే కావాలి.

వరుస గుర్తుంచుకోండి: బిఫోర్ అప్‌డేట్, ఆఫ్టర్ అప్‌డేట్, ఎగ్జిట్, లాస్ట్ ఫోకస్. తప్పు అంకెను ఆపాల్సింది బిఫోర్‌లో. జవాబు వేయాల్సింది ఆఫ్టర్‌లో. బిఫోర్ అప్‌డేట్‌లో అదే బాక్సు విలువను మార్చబోతే 2115 ఎర్రర్‌తో అడ్డం తిరుగుతుంది.

'పై వరుసే మళ్లీ' అని బటన్ పెట్టాను. అంకెలు కాపీ అవుతున్నాయి, చదరపు అడుగులు మారట్లేదు. ఏం తప్పు?

మీ తప్పేం లేదు, యాక్సెస్ పద్ధతి అది. మనిషి చేత్తో మార్చితేనే బిఫోర్, ఆఫ్టర్ అప్‌డేట్ వస్తాయి. కోడ్ విలువ పెడితే రావు. కాబట్టి కాపీ చేశాక బటన్ కోడ్‌లోనే వరుసలెక్క(ఐ) అని పిలవండి. లెక్కను విడి ఫంక్షన్‌గా పెట్టుకున్నందుకు ఇక్కడ సుఖం. 36 ప్రొసీజర్లు రాసుకుని ఉంటే ఏది పిలవాలో వెతుక్కోవాలి.

60 బండలకు బాగానే వస్తోంది. 70 కొడితే 'ఓవర్‌ఫ్లో' అంటోంది!

వేరియబుల్స్‌ను ఇంటీజర్ అని ప్రకటించి ఉంటారు. వీబీఏలో (యాక్సెస్ కోడ్ రాసే భాషలో) ఇంటీజర్ 32,767 దాకానే మోస్తుంది. 22 × 22 × 60 అంటే 29,040, సరిపోయింది. 70 అయితే 33,880, పొంగిపోయింది. తర్వాత 144తో భాగిస్తున్నా లాభం లేదు, గుణకారం దగ్గరే పడిపోతుంది. లాంగ్ లేదా డబుల్ అని మార్చండి. ఈ తప్పు డెమో రోజు కనపడదు, పెద్ద లోడు వచ్చిన రోజే కనిపిస్తుంది.

దీనికి తోబుట్టువు ఇంకొకటి ఉంది. టేబుల్‌కు కట్టని బాక్సులో కొట్టిన అంకెను యాక్సెస్ అక్షరాలుగా చూడొచ్చు. గుణిస్తే అంకెగా మార్చుకుంటుంది. కూడితే మాత్రం 12, 13 కలిసి 25 కాకుండా 1213 అవుతుంది. కూడే ముందు సీడీబీఎల్‌తో అంకెగా మార్చుకోండి, లేదా బాక్సు ఫార్మాట్‌ను జనరల్ నంబర్ అని పెట్టండి.

అంకెలు తప్ప ఇంకేమీ కొట్టనివ్వకూడదు. ఈ ఫంక్షన్ పద్ధతిలో ఏ కీ నొక్కారో ఎలా తెలుస్తుంది?

తెలియదు. గడిలో సమానం గుర్తుతో పిలిచిన ఫంక్షన్‌కు యాక్సెస్ తన వాదాలు ఇవ్వదు. కీ నంబర్ రాదు, క్యాన్సిల్ రాదు. క్యాన్సిల్ వరకైతే ఫంక్షన్ లోపల డూకమాండ్.క్యాన్సిల్‌ఈవెంట్ అంటే బిఫోర్ అప్‌డేట్ ఆగుతుంది. కీ సంగతికి అది చాలదు.

అయితే దీనికో సులువు ఉంది. ఫారమ్‌కు కీ ప్రివ్యూ ప్రాపర్టీని 'ఎస్' చేయండి. అప్పుడు ఏ బాక్సులో ఏ కీ నొక్కినా ముందు ఫారమ్ చేతిలోంచే వెళుతుంది. 36 బాక్సుల ట్యాగ్ ప్రాపర్టీలో 'అంకె' అని రాసిపెట్టండి. ఫారమ్ కీప్రెస్ ప్రొసీజర్‌లో మీ.యాక్టివ్‌కంట్రోల్ ట్యాగ్ చూసి, 'అంకె' అయితే కీ నంబర్లలో అంకెలకు 48 నుంచి 57 వరకు, చుక్కకు 46, బ్యాక్‌స్పేస్‌కు 8 వదలండి. ఎంటర్, ట్యాబ్ లాంటివి, అంటే 32 కంటే తక్కువవన్నీ వదిలేస్తే ఇంకా మంచిది. మిగతావాటికి కీయాస్కీని (నొక్కిన కీ నంబర్‌ను) సున్నా చేయండి. ఇక్కడ యాక్టివ్‌కంట్రోల్ వాడటంలో ప్రమాదం లేదు, కీ వెళ్లేది ఎప్పుడూ ఫోకస్ ఉన్న బాక్సుకే.

మౌస్‌తో రైట్ క్లిక్ చేసి పేస్ట్ చేస్తే ఈ కాపలా దాటిపోతుంది. అందుకని బిఫోర్ అప్‌డేట్‌లో ఈజ్‌న్యూమరిక్ పరీక్ష (కొట్టింది అంకేనా అని చూసేది) కూడా ఉంచండి.

కంట్రోల్స్ అన్నిటి మీదా లూప్ తిప్పితే 438 ఎర్రర్ వస్తోంది. ఎందుకు?

మీ.కంట్రోల్స్‌లో బాక్సులే కాదు, లేబుళ్లు, గీతలు, బటన్లు కూడా ఉంటాయి. లేబుల్‌ను 'నీ విలువ ఎంత' అని అడిగితే నాకు అలాంటిదే లేదంటుంది. ముందు కంట్రోల్‌టైప్ టెక్స్ట్‌బాక్సేనా అని చూడండి (దాని నంబర్ 109), ఆ తర్వాత ట్యాగ్ చూడండి.

విత్ ఈవెంట్స్ క్లాస్ అంటే ఏమిటి? అది వాడమని కొందరు గట్టిగా చెబుతున్నారు.

మంచి పద్ధతే, అవసరం ఉన్నప్పుడు. ఒక క్లాస్ మాడ్యూల్ తీసుకుని, పైన 'ప్రైవేట్ విత్ఈవెంట్స్ బాక్సు యాజ్ యాక్సెస్.టెక్స్ట్‌బాక్స్' అని ప్రకటిస్తే, ఆ బాక్సు ఈవెంట్లన్నీ క్లాస్‌లోనే రాసుకోవచ్చు. కీ నంబర్, క్యాన్సిల్, మౌస్ స్థానం, అన్ని వాదాలూ వస్తాయి. ఫారమ్ లోడ్‌లో 36 బాక్సులకు 36 ఆబ్జెక్టులు పుట్టించి ఒక కలెక్షన్‌లో వేసుకోవాలి. వరుస నంబర్‌ను ఒక్కో ఆబ్జెక్టులో దాచుకోవచ్చు కాబట్టి, ఎవరు పిలిచారన్న ప్రశ్నే రాదు.

జనం తడబడేది నాలుగు చోట్ల. ఒకటి, బాక్సు ఈవెంట్ గడిలో స్క్వేర్ బ్రాకెట్లలో 'ఈవెంట్ ప్రొసీజర్' అన్న మాట ఉండాలి. లేకపోతే క్లాస్‌కు కబురే అందదు. ఆబ్జెక్టు పుట్టించేటప్పుడే కోడ్‌లో దాన్ని నింపేయండి. రెండు, ఫారమ్‌కు 'హ్యాజ్ మాడ్యూల్' ఎస్ అని ఉండాలి. మూడు, కలెక్షన్‌ను ఫారమ్ మాడ్యూల్ పైభాగంలో ప్రకటించాలి. లోడ్ ప్రొసీజర్ లోపల ప్రకటిస్తే ప్రొసీజర్ అయిపోగానే ఆబ్జెక్టులన్నీ పోతాయి. నాలుగు, ఏ రకం కంట్రోల్‌నైనా పట్టే యాక్సెస్.కంట్రోల్ అనే సంచి ఇక్కడ పనికిరాదు. టెక్స్ట్‌బాక్స్‌కు ఒకటి, కాంబోబాక్స్‌కు ఒకటి విడివిడిగా ప్రకటించాలి. విత్ఈవెంట్స్‌ను అర్రేగా కూడా ప్రకటించనివ్వదు.

ఇంకొకటి అనుభవం మీద తెలిసింది. కోడ్‌లో ఎక్కడో పట్టుకోని ఎర్రర్ వచ్చి, గుమాస్తా 'ఎండ్' నొక్కాడనుకోండి. వేరియబుల్స్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, కలెక్షన్‌తో సహా. ఫారమ్ తెరిచే ఉంటుంది, బాక్సులు ఉంటాయి, ఈవెంట్లు మాత్రం చప్పుడు చేయవు. ఫారమ్ మూసి తెరిస్తే మళ్లీ వస్తాయి. గడిలో రాసిన ఫంక్షన్‌కు ఈ బాధ లేదు. బండల చీటీకి నేను క్లాస్ వాడకపోవడానికి కారణం ఇదే.

వీబీ6 (పాత విజువల్ బేసిక్)లో కంట్రోల్ అర్రే, అంటే ఒకే పేరుతో, వరుస నంబర్లతో ఉండే కంట్రోళ్ల గుంపు ఉండేది. యాక్సెస్‌లో లేదా?

లేదు. పేర్ల చివర అంకె పెట్టి మీ("పొడవు" & ఐ) అని పిలవడమే దానికి దగ్గరి చుట్టం.

నగదు, అప్పు, చెక్కు అని మూడు ఆప్షన్ బటన్లు ఉన్నాయి. మూడింటికీ ఈవెంట్ ఎక్కడ?

వాటిని ఒక ఆప్షన్ గ్రూప్ చట్రంలో పెట్టండి. ఈవెంట్ చట్రానిది, ఒక్క ఆఫ్టర్ అప్‌డేట్ చాలు. ఏది నొక్కారో చట్రం విలువే చెబుతుంది.

అసలు 12 వరుసల బాక్సులు పేర్చడమే తప్పంటున్నారు. నిజమా?

చాలావరకు నిజం. చీటీకి ఒక టేబుల్, వరుసలకు ఇంకో టేబుల్ పెట్టి, వరుసలను కంటిన్యువస్ సబ్‌ఫారమ్‌లో (రికార్డులన్నీ ఒకదాని కింద ఒకటి చూపేదానిలో) చూపిస్తే బాక్సులు మూడే ఉంటాయి, వరుసలు ఎన్నైనా రావొచ్చు. ఈవెంట్ ఒక్కసారి రాస్తే సరి. మొత్తం కోసం ఫుటర్‌లో =సమ్([పొడవు]*[వెడల్పు]*[లెక్క]/144). లెక్కకట్టే బాక్సు పేరు ఇచ్చి సమ్ చేయబోతే ఎర్రర్ వస్తుంది, మొత్తం సూత్రమే ఇవ్వాలి.

మరి నేనెందుకు 36 బాక్సులు పేర్చాను? అచ్చు పుస్తకంలోని చీటీ లాగే తెర మీద ఉండాలని యజమాని పట్టు. ఇరవై ఏళ్లుగా చూసిన చీటీ అది, 12 వరుసలు నిండితే రెండో చీటీ తీస్తారు. అలాంటి చోట బాక్సులను టేబుల్‌కు కట్టకుండా పేర్చి, 'సేవ్' నొక్కినప్పుడు నిండిన వరుసలను మాత్రమే వరుసల టేబుల్‌లోకి పంపుతాను. పొడవు1 నుంచి పొడవు12 దాకా టేబుల్‌లోనే కాలమ్స్ పెట్టడం మాత్రం చేయకండి. "పోయిన నెల 22 అంగుళాల బండ ఎంత పోయింది" అని అడిగిన రోజు 12 కాలమ్స్‌లో వెతకాలి.

కంటిన్యువస్ ఫారమ్‌లో ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ కనిపించే బాక్సులన్నీ నిజానికి ఒకటే బాక్సు. కోడ్‌తో ఒక వరుసకు ఎరుపు వేయబోతే అన్ని వరుసలూ ఎర్రబడతాయి. అక్కడ కూడా కండిషనల్ ఫార్మాటింగే గతి.

ఎర్రర్ మెసేజ్ తెలుగులో రావాలి. మెసేజ్ బాక్సులో ప్రశ్నార్థకాలు వస్తున్నాయి.

వీబీఏ ఎడిటర్‌కు తెలుగు అక్షరాలు పట్టవు, పేస్ట్ చేసిన వెంటనే ప్రశ్నార్థకాలవుతాయి. యాక్సెస్ టేబుళ్లకు, ఫారాలకు ఆ ఇబ్బంది లేదు. నేను మెసేజ్‌ల టేబుల్ ఒకటి పెడతాను: నంబర్, మాట. ఫారమ్ అడుగున ఎర్ర అక్షరాల లేబుల్ ఒకటి. బిఫోర్ అప్‌డేట్ ఫంక్షన్ తప్పు పట్టగానే డీలుకప్‌తో ఆ టేబుల్‌లోంచి మాట తెచ్చి లేబుల్ క్యాప్షన్‌లో వేస్తుంది. మెసేజ్ బాక్సుకు ప్రతిసారీ ఓకే నొక్కాల్సిన బాధ కూడా తప్పుతుంది.

లిబ్రేఆఫీస్ బేస్ (యాక్సెస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్)లో కూడా ఇలా కుదురుతుందా?

కుదురుతుంది, ఇంకా సులువుగా. కంట్రోల్ ప్రాపర్టీస్‌లో ఈవెంట్స్ ట్యాబ్ తెరిచి ఎన్ని బాక్సులకైనా ఒకే మాక్రో తగిలించవచ్చు. అక్కడ మాక్రోకు ఈవెంట్ ఆబ్జెక్టు దానంతటదే అందుతుంది. దాని సోర్స్.మోడల్.నేమ్ చదివితే పిలిచిన బాక్సు పేరు నేరుగా తెలుస్తుంది, ఫోకస్‌ను అడగాల్సిన పని లేదు. ట్యాగ్‌కు బదులు అక్కడ 'అడిషనల్ ఇన్ఫర్మేషన్' అనే గడి ఉంటుంది, వరుస నంబర్ అందులో రాసుకోండి. యాక్సెస్ కోడ్‌ను మాత్రం అక్కడికి ఉన్నదున్నట్టు తీసుకెళ్లలేరు, మళ్లీ రాసుకోవాల్సిందే.